హ్యామాక్ అన్న మాట ఎక్కడిది? తెలుగులో దాన్ని ఎలా రాయాలి?

తర్వాత చదివేవాళ్ళకు కూడా తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్న మళ్ళీ చెబుతాను. ఫ్లోరిడా ప్రయాణం గురించిన ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని మీరు తెలుగు చేస్తున్నారు. అందులో ఒకచోట రచయిత రెండు చెట్ల మధ్య కట్టిన హ్యామాక్‌లో మధ్యాహ్నమంతా పడుకున్నాడు. నాలుగు పేజీల తర్వాత అదే మనిషి హ్యామాక్ లోపల నడుచుకుంటూ వెళ్ళి చెట్ల మీద నత్తలు చూశాడు. పడుకునే దాంట్లో నడవడం ఏమిటని మీరు అక్కడ ఆగిపోయారు. ఆ పైన ఈ మాట జర్మన్ 'హెంగెమాటె' నుంచి వచ్చిందని ఒకరు, ఏదో చెట్టు బెరడు పేరని ఇంకొకరు, మన సంస్కృత 'డోల'కు చుట్టమని మరొకరు మీకు చెప్పారు. వీటిలో ఏది నిజం, అసలు తెలుగులో 'ఉయ్యాల' అని రాసేస్తే సరిపోతుందా అని అడిగారు.

చాలా ఏళ్ళుగా అనువాదాలు, నిఘంటువుల పనిలో ఉన్నాను. ఈ మాట చరిత్ర నాకు ఇష్టమైన వాటిలో ఒకటి, అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

మీ వ్యాసంలో ఉన్నవి రెండు వేర్వేరు మాటలు. స్పెల్లింగ్ ఒకటే, పుట్టుక వేరు. పడుకునే హ్యామాక్ కరీబియన్ దీవుల్లోని తైనో జనం భాష నుంచి వచ్చింది. వాళ్ళ మాట 'హమాకా'. దాన్ని స్పానిష్ వాళ్ళు ఉన్నదున్నట్టు తీసుకున్నారు, స్పానిష్ నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. మీకు వినిపించిన మూడు కథల్లో ఏదీ నిజం కాదు. నడిచే హ్యామాక్ సంగతి చివర్లో చెబుతాను.

తైనోలు ఇప్పటి క్యూబా, హైతీ, డొమినికన్ రిపబ్లిక్, ప్యూర్టోరికో, జమైకా, బహామాస్ దీవుల్లో ఉండేవాళ్ళు. వాళ్ళది అరవాక్ భాషా కుటుంబం. దక్షిణ అమెరికా ఉత్తర తీరం నుంచి దీవి తర్వాత దీవి దాటుకుంటూ పైకి వచ్చిన జనం. కర్రపెండలం, మొక్కజొన్న, పత్తి పండించేవాళ్ళు. పత్తి నూలు వడికి హమాకాలు అల్లుకునేవాళ్ళు. 1492 అక్టోబరు 12న కొలంబస్ ఓడలు బహామాస్‌లో ఒక చిన్న దీవికి చేరినప్పుడు ఎదురొచ్చింది వీళ్ళే. ఐదు రోజుల తర్వాత, కొలంబస్ దినచర్యలో అక్టోబరు 17 నాటి రాతలో, ఇంకో దీవిలో ఇళ్ళలోకి వెళ్ళివచ్చిన తన మనుషులు చెప్పిన వివరం కనిపిస్తుంది: ఇళ్ళు శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి, పడకలు నూలు వలల్లాగా ఉన్నాయి. అక్కడ 'హమాకా' అన్న మాట లేదు, 'వలల్లాంటివి' అన్న పోలిక మాత్రమే ఉంది. నవంబరు 3న క్యూబా తీరంలో పడవల్లో జనం వచ్చి వడికిన నూలు, తాము పడుకునే వలలు ఇచ్చి వస్తువులు తీసుకున్నారని రాసి ఉంది. దాని పక్కనే 'అవే హమాకాలు' అన్న చిన్న ముక్క.

ఈ చిన్న ముక్క దగ్గర ఒక మెలిక ఉంది. కొలంబస్ స్వయంగా రాసిన దినచర్య పోయింది. ఇప్పుడు మనకు ఉన్నది బర్తొలోమే దె లాస్ కాసాస్ అనే స్పానిష్ మతగురువు దాన్ని చూసి తయారు చేసుకున్న సంక్షిప్త ప్రతి, అది కూడా 1825లో గానీ అచ్చు కాలేదు. లాస్ కాసాస్ 1502లో హిస్పానియోలా (ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న) దీవికి వచ్చి, తైనోల మధ్య ఏళ్ళ తరబడి బతికినవాడు. ఆ మాట అతనికి బాగా తెలుసు. కాబట్టి 'అవే హమాకాలు' అన్నది కొలంబస్ మాటా, లాస్ కాసాస్ చేర్చిన వివరణా అన్న అనుమానం న్యాయమైనదే. దీవులకు చేరి మూడు వారాలు దాటీ దాటని మనిషి కన్నా, అక్కడే స్థిరపడినవాడు చేర్చాడనుకోవడమే నాకు సబబుగా కనిపిస్తుంది. ఎవరు రాసినా, మాట ఎవరిదన్న విషయంలో మాత్రం తేడా రాదు.

లాస్ కాసాస్ ఇంకో మేలు కూడా చేశాడు. హమాకా ఎలా ఉండేదో తన చరిత్ర గ్రంథంలో దగ్గరగా చూసి రాశాడు. అది వడిసెల ఆకారంలో ఉంటుందన్నాడు. పొలంలో పిట్టలను తోలే వడిసెల చూసినవాళ్ళకు ఇంతకన్నా వివరించక్కర్లేదు: నడుమ వెడల్పు, రెండు కొసలూ తాళ్ళుగా కూడుకుపోతాయి. తర్వాత అల్లిక గురించి చెబుతాడు. వలలో దారాలు అడ్డంగా ఒకదాన్నొకటి దాటినట్టు ఇందులో ఉండవు. దారాలన్నీ పొడుగునా సాగుతాయి, వేళ్ళూ చెయ్యీ దూర్చగలిగేంత వదులుగా. ఇంచుమించు జానకొకసారి వేరే దారాలతో అడ్డంగా పట్టీలా నేసి వాటిని పట్టి ఉంచుతారు. ఆ పట్టీల పనితనాన్ని లేసు అల్లికతో, సెవిల్ నగరంలో గడ్డితో అల్లే జల్లెడలతో పోల్చి మెచ్చుకున్నాడు.

ఈ వివరం మీకు ఎందుకు చెబుతున్నానంటే, కొన్ని ఇంగ్లీషు నిఘంటువుల్లో 'హమాకా అంటే తైనోలో చేపల వల కాబోలు' అని ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఆ 'కాబోలు' రాలిపోయి అదే ఖాయమైన అర్థంగా తిరుగుతోంది. కానీ పాత రాతలు వరసగా చదివితే వల అన్న పోలిక తెచ్చింది యూరప్ నుంచి వచ్చిన నావికులని తెలుస్తుంది. వాళ్ళకు ఓడ మీద రోజూ కనిపించేది వల, అందుకే అలా పోల్చారు. తైనోల మధ్య బతికిన లాస్ కాసాస్ అయితే ఇది వలలా అల్లినది కాదని పనిగట్టుకుని చెప్పాడు. కాబట్టి తైనో హమాకాకు మనం ధైర్యంగా చెప్పగల అర్థం ఒక్కటే: వేలాడదీసి పడుకునే పడక. మీ వ్యాసానికి ఫుట్‌నోట్ రాస్తే ఇంతవరకే రాయండి.

హమాకాను కట్టే తాళ్ళకు కూడా తైనోలకు వేరే పేరు ఉండేది, 'హికో' అని. ఆ మాట ఇప్పటికీ స్పానిష్ నిఘంటువుల్లో ఉంది. గొన్సాలో ఫెర్నాండెస్ దె ఒవియెదో అనే స్పానిష్ అధికారి 1535లో అచ్చు వేసిన చరిత్రలో హమాకా బొమ్మ కూడా చెక్కించి వేశాడు. ఈ పడకలు సైన్యానికి కూడా పనికొస్తాయని సలహా ఇచ్చాడు. తడినేల మీద పడుకుని సైనికులు జబ్బుపడటం చూసినవాడు కాబట్టి ఆ సలహాలో అర్థముంది. వేడి దేశం, తేమ నేల, పురుగూ పుట్రా. నేలకు మూరెడు పైన, గాలి ఆడే అల్లికలో పడుకోవడం అక్కడివాళ్ళు కనిపెట్టుకున్న మంచి ఉపాయం. చలేస్తే కింద చిన్న మంట పెట్టుకునేవాళ్ళు.

ఆ మంట సంగతి పోర్చుగీసు వాళ్ళ రాతలోనూ ఉంది. 1500లో బ్రెజిల్ తీరం చేరిన ఓడల నుంచి పేరో వాస్ దె కమిన్యా తమ రాజుకు రాసిన ఉత్తరంలో, అక్కడి ఇళ్ళలో స్తంభం నుంచి స్తంభానికి ఎత్తుగా కట్టిన వలల్లో జనం పడుకుంటారనీ, వెచ్చదనానికి కింద మంటలు వేస్తారనీ ఉంది. అతను వాడిన మాట 'రెజి', అంటే పోర్చుగీసులో మామూలు వల. అక్కడివాళ్ళు తైనోలు కారు, వాళ్ళ భాష వేరు, కాబట్టి హమాకా అన్న మాట అతని చెవిన పడే అవకాశమే లేదు. ఐదు వందల ఏళ్ళు దాటినా బ్రెజిల్‌లో ఈ పడకను ఈనాటికీ 'రెజి' అనే అంటారు. వస్తువు ఒకటే అయినా, ఎవరు ఎవరి దగ్గర మొదట చూశారన్నదాన్ని బట్టి పేరు మారింది. 'హమాకా' కరీబియన్ దీవుల మాట అనడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఇక ఇంగ్లీషు. 1555లో రిచర్డ్ ఈడెన్ అనే ఆయన స్పానిష్ వాళ్ళ కొత్త లోకపు వృత్తాంతాలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో అక్కడివాళ్ళ వేలాడే పడకలను 'హమాకాస్' అంటారని రాశాడు. గమనించండి, ఈ మాటను ఇంగ్లీషుకు పరిచయం చేసింది మీలాగా అనువాదం చేస్తున్న మనిషే. మాట మార్చలేదు, పక్కన చిన్న వివరణ ఇచ్చి వదిలేశాడు. 1596లో ఇంగ్లీషు నావికుడు వాల్టర్ రాలీ దక్షిణ అమెరికాలోని ఒరినోకో నది ప్రయాణం గురించి రాసిన పుస్తకంలో ఇద్దరు నాయకులు చెరొక నూలు హమాకాలో పడుకుని ఉండగా ఆడవాళ్ళు మట్టి కూజాలోంచి చిన్న గరిటెతో కప్పుల్లోకి మద్యం పోస్తున్న దృశ్యం ఉంది. అక్కడ రాలీ 'వీటిని మనం బ్రెజిల్ పడకలు అంటాం' అని కూడా చేర్చాడు. అంటే అప్పటికి ఇంగ్లీషులో రెండు పేర్లు పోటీ పడుతున్నాయి. తర్వాత 'బ్రెజిల్ పడక' పోయింది, హమాకా నిలిచింది.

నిలిచింది గానీ అదే రూపంలో కాదు. ఇంగ్లీషులో బుల్లక్, హిల్లక్, పాడక్ లాంటి 'అక్'తో ముగిసే మాటలు బోలెడు. చివరి 'ఆ' అరిగిపోయి, హమాకా కూడా ఆ వరసలో చేరి హ్యామాక్ అయింది. పదిహేడో శతాబ్దంలో జరిగిన మార్పు ఇది. అందుకే ఈ మాట ఇంగ్లీషు వాళ్ళ చెవికి సొంత మాటలాగే వినిపిస్తుంది. మనకు 'ఆసుపత్రి' ఎలాగో అలాగ. అందులో 'పత్రి' వినిపించినా పూజకు కోసుకొచ్చే పత్రితో దానికి సంబంధం లేదు కదా, హాస్పిటల్ అన్న మాటే మన నోట్లో పడి అలా కుదురుకుంది.

జర్మన్ కథ సరిగ్గా ఇక్కడే పుట్టింది. జర్మన్ 'హెంగెమాటె'ను విడదీస్తే వేలాడే చాప అని అర్థం వస్తుంది. డచ్ 'హాంగ్‌మాట్' కూడా అంతే. అర్థం అంత చక్కగా కుదరడంతో ఇదే అసలు మాట అయి ఉండాలని చాలామంది అనుకుంటారు. జరిగింది తలకిందులుగా. డచ్ నావికులు కరీబియన్ నుంచి తెచ్చుకున్న హమాకా వాళ్ళకు అర్థం లేని శబ్దం. నోట్లో నలిగి నలిగి మొదట 'హాంగ్‌మాక్' అయింది. 'హాంగ్' అంటే వేలాడటం కాబట్టి ఆ సగానికి అర్థం దొరికింది. మిగిలిన 'మాక్'కు కూడా అర్థం కావాలిగా, అది చాప అనే 'మాట్' అయింది. ఆ డచ్ రూపం జర్మన్‌కు వెళ్ళి హెంగెమాటె, స్వీడిష్‌కు వెళ్ళి హెంగ్‌మట్టా అయ్యాయి. ఫ్రెంచ్ హమాక్, ఇటాలియన్ అమాకా, రష్యన్ గమాక్ మాత్రం పాత శబ్దాన్ని పట్టుకునే ఉన్నాయి. ఒక మాట పుట్టుక వెతికేటప్పుడు అర్థం ఎంత అందంగా కుదిరితే అంత జాగ్రత్తగా ఉండాలి. తేదీలు చూడాలి. కరీబియన్ దీవులకు పోకముందు యూరప్‌లో ఏ భాషలోనూ ఈ మాట లేదు.

బెరడు కథకు ఇంతకన్నా తక్కువ బలం ఉంది. 'హమాక్ అనే చెట్టు బెరడుతో నేసేవారు, అందుకే ఆ పేరు' అని హ్యామాక్‌లు అమ్మే సైట్లలో తరచూ కనిపిస్తుంది. కొలంబస్ దినచర్య, లాస్ కాసాస్, ఒవియెదో, ముగ్గురి రాతల్లోనూ ఉన్నది పత్తి నూలు. కొసల తాళ్ళకు కలబంద లాంటి మొక్కల నార వాడేవాళ్ళు. ఆ నారకు 'కబూయా' అన్న తైనో పేరు కూడా పదిలంగా ఉంది.

డోల సంగతి. సంస్కృత డోల మన దగ్గర డోలీ, డోలోత్సవం, డోలాయమానం లాంటి ఎన్నో మాటల్లో ఉంది. ఊగడం అన్న భావం ఒకటే గానీ హమాకాతో దానికి శబ్దంలో గాని, చరిత్రలో గాని ఏ ముడీ లేదు. వేలాడే పడక అన్న ఆలోచన ఒక్కచోటే పుట్టాలన్న నియమం కూడా లేదు. గ్రీకు సేనాని అల్సిబయడీస్ యుద్ధనౌకలో మెత్తగా నిద్రపోవడానికి డెక్కు కోయించి, పలకల మీద కాకుండా తాళ్ళతో వేలాడదీసిన పక్క మీద పడుకునేవాడని పాత గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అది చదివి హ్యామాక్ గ్రీకుల సృష్టి అనేవాళ్ళూ ఉన్నారు. మన మన్యంలో నేటికీ రోడ్డు లేని ఊళ్ళ నుంచి రోగులను కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొస్తున్నారు. ఆ డోలీ చూడటానికి హమాకాలాగే ఉంటుంది. ఎవరి అవసరానికి వాళ్ళు కనిపెట్టుకున్నారు. కానీ ఇంగ్లీషు హ్యామాక్‌కు పేరునూ వస్తువునూ కూడా ఇచ్చింది తైనోలే.

ఆ పేరు ప్రపంచమంతా తిరగడానికి కారణం ఓడలు. అంతకుముందు నావికులు చెక్క నేల మీదే, తడిలో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకునేవాళ్ళు. 1597లో ఇంగ్లండు నౌకాదళం నావికుల ఆరోగ్యం కోసం వేలాడే పడకలకు కాన్వాసు గుడ్డ మంజూరు చేసింది. అక్కడి నుంచి తైనోల నూలు అల్లిక పోయి, తెరచాపకు వాడే ముతక గుడ్డ వచ్చింది. రెండు కొసల్లోనూ సన్నటి తాళ్ళ గుత్తి, అవన్నీ ఒక రింగులో కలుస్తాయి, ఆ రింగును పైదూలానికి తగిలిస్తారు. ఓడ పక్కలకు ఒరిగినా పడక నిటారుగానే వేలాడుతుంది, మనిషి దొర్లి పడడు. ఇంగ్లీషు నౌకా సేనాని నెల్సన్ కాలపు యుద్ధనౌకల్లో ఒక్కొక్కరికి వెడల్పులో కేటాయించిన చోటు 14 అంగుళాలు. సగం మంది డ్యూటీలో ఉంటారు కాబట్టి పక్కవాడి చోటు కూడా కలిసొచ్చి కాస్త ఊపిరాడేది. పొద్దున్నే లేచి ఎవరి పడక వాళ్ళు పొడుగ్గా, గట్టిగా చుట్టి తాడు బిగించాలి. ఆ చుట్టలను ఓడ అంచుల వెంట వల పెట్టెల్లో వరసగా పేర్చేవాళ్ళు, యుద్ధంలో తుపాకీ గుళ్ళకు అడ్డుగా ఉండేవి. ఓడ మీద చనిపోయినవాణ్ణి తన హ్యామాక్‌లోనే చుట్టి కుట్టి, బరువు కట్టి సముద్రంలో వదిలేవాళ్ళు.

మీ వ్యాసంలోని రిసార్టు హ్యామాక్ మళ్ళీ వేరే రకం. రెండు కొసల్లోనూ అడ్డకర్ర ఉండి, మంచంలా పరుచుకుని ఉండేది. దక్షిణ కరోలినాలో జాషువా జాన్ వార్డ్ అనే నది పడవ కెప్టెన్ 1889 ప్రాంతంలో తయారు చేసుకున్నదని చెబుతారు. కాన్వాసు ఉక్కగా ఉందని నూలు తాళ్ళతో అల్లి, కర్ర పెట్టి విప్పార్చాడు. అంటే మళ్ళీ నూలుకూ, గాలి ఆడే అల్లికకూ వచ్చాడన్నమాట. పోస్టర్లలో, సినిమాల్లో బీచి అనగానే మనకు కనిపించే బొమ్మ ఎక్కువగా ఇదే. కర్ర లేని అసలు రకం మెక్సికోలోని యుకతాన్‌లో ఇప్పటికీ రోజువారీ పడక. అక్కడ ఇళ్ళ గోడలకు హ్యామాక్ తగిలించే కొక్కేలు ముందే బిగించి ఉంటాయి. అందులో నిలువునా పడుకుంటే నడుం అరటిపండులా వంగుతుంది, ఐమూలగా పడుకుంటే వీపు నిటారుగా ఉంటుంది. మీ వ్యాసంలో ఎవరైనా 'అడ్డంగా పడుకున్నారు' అని వస్తే తప్పు అనుకుని సరిచేయకండి.

తెలుగువాళ్ళకు ఈ వస్తువుతో నిజంగా ముడిపడిన చోటు ఒకటి ఉంది. 1840ల నుంచి మద్రాసు రేవు ద్వారా బ్రిటిష్ గయానాకు చెరకు తోటల కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. గయానా అరవాక్ జనం ఈనాటికీ ఉన్న నేల. అక్కడ స్తంభాల మీద కట్టిన ఇళ్ళ కింది ఖాళీలో హ్యామాక్ కట్టుకుని మధ్యాహ్నం నడుం వాల్చడం భారత సంతతి ఇళ్ళలో మామూలు. తెలుగు భాష ఆ ఇళ్ళలో నిలవలేదు, హ్యామాక్ నిలిచింది.

హమాకా ఒక్కటే కాదు, తైనోలు ప్రపంచానికి ఇచ్చిన మాటలు చాలా ఉన్నాయి. కెనూ, బార్బెక్యూ, సవన్నా, ఇగ్వానా అన్నీ వాళ్ళవే. మన ఇళ్ళలో కరెంటు పోతే వెలిగించిన హరికేన్ లాంతరులోని 'హరికేన్' వాళ్ళ 'హురకాన్', పెనుగాలి. మన బొప్పాయి కూడా కరీబియన్ తీరాల భాషల నుంచి స్పానిష్, పోర్చుగీసు నోళ్ళ మీదుగా వచ్చిన మాటే. ఇన్ని మాటలు ఇచ్చిన జనానికి ఏం జరిగిందో కూడా చెప్పాలి. బంగారు గనుల్లో వెట్టిచాకిరీ, తిండి లేకపోవడం, యుద్ధాలు, 1518 చివర్లో మొదలైన మశూచి. కొలంబస్ వచ్చిన అర్ధశతాబ్దంలోపే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. లాస్ కాసాస్ జీవితమంతా ఆ దారుణం గురించే రాశాడు, పోట్లాడాడు. భాష మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు. జనం పూర్తిగా పోలేదు. ప్యూర్టోరికోలో, డొమినికన్ రిపబ్లిక్‌లో, క్యూబాలో తైనో వారసులమని చెప్పుకునేవాళ్ళున్నారు. బహామాస్ గుహలో దొరికిన పాత పంటిలోని జన్యువులతో ఇప్పటి ప్యూర్టోరికో వాసులకు చుట్టరికం ఉందని 2018లో శాస్త్రవేత్తలు చూపించారు. అందుకే ఈ మాటను జర్మన్‌దని, గ్రీకుదని ఎవరైనా రాస్తే నాకు మనసొప్పదు. ఆ భాషలో మిగిలినవే కొన్ని మాటలు. వాటి మీద కూడా పేరు మార్చేస్తే ఎలా?

ఇప్పుడు మీ అనువాదం. ఒట్టి 'ఉయ్యాల' అని రాయకండి. ఉయ్యాల అంటే పాఠకుడికి పసిబిడ్డ చీర ఉయ్యాలో, హాల్లో గొలుసులతో వేలాడే బల్ల ఉయ్యాలో, చెట్టుకొమ్మకు కట్టిన తాడు ఉయ్యాలో కనిపిస్తుంది. వీటిలో పెద్దమనిషి రాత్రంతా కాళ్ళు చాపుకుని నిద్రపోయేది ఏదీ లేదు. 'డోలీ' అంటే మోసుకెళ్ళేది అయిపోతుంది. 'వల ఉయ్యాల' మీ రిసార్టు వాక్యానికి బాగానే ఉంటుంది, కానీ ఓడల్లోని కాన్వాసు రకానికి నప్పదు. నేనైతే మొదటిసారి వచ్చినచోట 'రెండు చెట్ల మధ్య వేలాడగట్టిన వల పడక, హ్యామాక్' అని రాసి, తర్వాత అంతటా హ్యామాక్ అనే ఉంచుతాను. మన పాఠకులకు ఆ మాట ఇప్పుడు బాగానే తెలుసు. 'హమ్మాక్', 'హ్యామక్' అని కూడా రాస్తున్నారు, ఏదో ఒకటి ఎంచుకుని పుస్తకమంతా అదే వాడండి.

ఇక నడిచే హ్యామాక్. ఇంచుమించు ఈడెన్ కాలంలోనే ఇంగ్లీషు నావికులు సముద్రం మీద నుంచి కనిపించే చిన్న గుట్టలను కూడా హ్యామాక్ అనేవాళ్ళు. ఆ మాటే ఇప్పుడు మామూలు ఇంగ్లీషులో 'హమ్మక్'గా ఉంది, తైనో హమాకాతో దానికి సంబంధం లేదు. ఫ్లోరిడాలో మాత్రం పాత స్పెల్లింగే నిలిచిపోయింది. ఎవర్‌గ్లేడ్స్ అనే ఆ గడ్డి చిత్తడిలో అక్కడక్కడా సున్నపురాయి నేల చుట్టూ ఉన్న నీటి కన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. కొన్ని అంగుళాల తేడా చాలు, అక్కడ నీళ్ళు నిలవవు, మహాగని, ఓక్, మర్రి జాతి చెట్లు గుబురుగా పెరుగుతాయి. రాలిన ఆకులు కుళ్ళి పుట్టే ఆమ్లం చుట్టూ ఉన్న సున్నపురాయిని కరిగించి కందకంలా చేస్తుంది, గడ్డికి నిప్పంటుకున్నా ఆ నీళ్ళు దాటి మంట లోపలికి రావడం కష్టం. ఆ చెట్ల దిబ్బే హ్యామాక్. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులో మహాగని హ్యామాక్ అన్నచోట చెక్కబాట కూడా వేశారు. మీ రచయిత చూసిన నత్తలు ఆ చెట్ల మీద ఉండే రంగుచారల నత్తలై ఉంటాయి, ఆ దిబ్బలకు అవి పేరుపడ్డవి.

కాబట్టి అక్కడ 'చిత్తడి మధ్య చెట్ల దిబ్బ' అని రాయండి. లంక అనబోతారేమో, వద్దు. మన గోదావరి లంకలు నది మేటతో ఏర్పడిన సాగు నేలలు, పాఠకుడికి కూరగాయల తోటలు గుర్తొస్తాయి. ఊరి పేరులోనో పార్కు పేరులోనో వచ్చినప్పుడు మాత్రం హ్యామాక్ అలాగే ఉంచండి, ఉదాహరణకు 1931లో తెరిచిన హైలాండ్స్ హ్యామాక్ స్టేట్ పార్క్. ఆ పేరు మొదటిసారి వచ్చినచోట, ఇది పడక కాదు అడవి అని ఒక్క ముక్క పెడితే చదివేవాళ్ళు మీలాగా ఆగిపోరు. ఇంకేవైనా వాక్యాలు తికమక పెడితే ఇక్కడే రాయండి, ముందూ వెనకా ఉన్న రెండు మూడు వాక్యాలతో కలిపి పెడితే ఏ హ్యామాక్‌దో చెప్పడం సులువు.